క్యాంపస్‌లో ల్యాప్‌టాప్‌కు వైఫై రాకపోతే, ఎక్కడ తెగిందో ఇలా పట్టుకోండి

ఇంట్లో వైఫై ఆగిపోతే రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేస్తాం. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. యూనివర్సిటీలో ఆ వీలు లేదు. వరండా గోడకున్న తెల్ల డబ్బా, అంటే యాక్సెస్ పాయింట్, మొదటి మెట్టు మాత్రమే. దాని వెనక మీ ఐడీ, పాస్‌వర్డ్ సరిచూసే రేడియస్ సర్వర్, ల్యాప్‌టాప్‌కు ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్, సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్, ఆ చివర లోపలికి, బయటికి వెళ్లేదాన్ని వడపోసే ఫైర్‌వాల్ ఉంటాయి. వీటిలో ఏది మొరాయించినా మనకు కనిపించేది ఒకటే: నెట్ రావడం లేదు. అందుకే డ్రైవర్లు పీకేయడం, విండోస్ మళ్లీ వేయించడం లాంటి పనులకు దిగకముందే ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చుకోవాలి. అది తేలితే మిగిలే పని సాధారణంగా చిన్నదే.

ముందు ఈ మూడు చూడండి

1. అదే చోట, మీ ఐడీతోనే మీ ఫోన్‌కు క్యాంపస్ వైఫై వస్తోందా?
2. పక్కనున్నవాళ్లకు వస్తోందా?
3. ఫోన్‌లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే దానికి మీ ల్యాప్‌టాప్ కనెక్ట్ అవుతోందా?

ఎవరికీ రావడం లేదంటే తప్పు మీ ల్యాప్‌టాప్‌ది కాదు. సెట్టింగుల జోలికి వెళ్లకండి. ఈ సమయంలో మార్చిన సెట్టింగే నెట్ తిరిగొచ్చాక కొత్త సమస్య తెచ్చిపెడుతుంది. అందరికీ వస్తూ, మీ ల్యాప్‌టాప్‌కు మాత్రం హాట్‌స్పాట్ కూడా అందకపోతే వైఫై కార్డు గానీ డ్రైవర్ గానీ కారణం. హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయి క్యాంపస్ వైఫైకి మాత్రం కాకపోతే కార్డు బాగానే ఉంది, లాగిన్‌లోనో ల్యాప్‌టాప్‌లో సేవ్ అయి ఉన్న సెట్టింగుల్లోనో తేడా ఉంది. క్యాంపస్‌లో ఎక్కువమందికి ఎదురయ్యేది ఈ మూడోదే కాబట్టి దాన్ని కింద వివరంగా చూద్దాం.

కింద కొన్ని కమాండ్లు వస్తాయి. విండోస్‌లో స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, దానిపై రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.

వైఫై బటనే మాయమైతే

ముందు ఏరోప్లేన్ మోడ్ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పై వరసలో విమానం బొమ్మో యాంటెనా బొమ్మో ఉన్న కీ ఉంటుంది. ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కితే వైఫై ఆగుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. పాత మోడళ్లలో పక్క అంచున చిన్న స్లైడర్ స్విచ్ ఉంటుంది. బ్యాగులో పెట్టి తీసేటప్పుడు అది జరిగిపోతుంటుంది.

సెట్టింగులలో వైఫై అనే వరసే లేకపోతే డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడండి. వైర్‌లెస్ కార్డు పేరు లేకపోయినా, దాని మీద పసుపు త్రిభుజం ఉన్నా ముందు కరెంటు పూర్తిగా తీసి చూడాలి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ మీద క్లిక్ చేయండి. చార్జర్ పీకేయండి, బ్యాటరీ ఊడదీసే రకమైతే అదీ తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు గట్టిగా నొక్కి ఉంచండి. తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చేయండి. మామూలు షట్ డౌన్‌కు ఈ ఫలితం రాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా డ్రైవర్ల స్థితి డిస్కులో దాచిపెట్టి మళ్లీ అదే తెస్తుంది. పైగా కార్డుకు లోపల కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. బిగుసుకుపోయిన కార్డు అందుకే అలాగే ఉండిపోతుంది.

అప్పటికీ రాకపోతే డ్రైవర్ వేయాలి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ పేరుతోనో సీరియల్ నంబరుతోనో కంపెనీ సైట్‌లో వెతికి అక్కడి వైర్‌లెస్ డ్రైవరే వేయండి. 'అన్ని డ్రైవర్లూ మేమే అప్‌డేట్ చేస్తాం' అనే సాఫ్ట్‌వేర్లు వద్దు, వాటితో లాభం కంటే చెత్త ఎక్కువ. వైఫై లేకుండా డౌన్‌లోడ్ ఎలా అంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి ఫోన్ సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ దాన్ని వైరుతో వచ్చే నెట్‌గా చూస్తుంది. కేబుల్ డేటా మోసే రకమై ఉండాలి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఈ ఆప్షన్ మసకగా ఉండిపోతుంది.

అన్ని వైఫైలూ కనిపిస్తూ క్యాంపస్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఒక్కటే కనిపించకపోతే కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితమైనది కావచ్చు. 'నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్' (netsh wlan show drivers) అని కొడితే రేడియో టైప్స్ అన్న వరసలో 802.11ఏ గానీ 802.11ఏసీ గానీ ఉండాలి. బీ, జీ, ఎన్ మాత్రమే ఉంటే 5 గిగాహెర్ట్జ్ అందే ఆశ తక్కువ. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో వచ్చిన రియల్‌టెక్ 8723 రకం కార్డులు ఇలాంటివే.

దీనికి డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోవచ్చు, లేదా లోపలి కార్డే మార్చుకోవచ్చు. వారంటీ అయిపోయిన ల్యాప్‌టాప్ అయితే కార్డు మార్చడమే మేలు. చాలా మోడళ్లలో అది ఎం.2 2230 సైజు కార్డు, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. ఒక స్క్రూ, రెండు సన్నటి యాంటెనా వైర్లు, అంతే. కొనేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త: ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు వాటికి తగిన ఇంటెల్ ప్రాసెసర్లతోనే పనిచేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే కదలవు. ఏఎక్స్210 రెండింటిలోనూ పనిచేస్తుంది. విప్పేముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి. యాంటెనా వైరు చివరనున్న గుండ్రటి పిన్నును కార్డు మీద నిలువుగా పెట్టి వేలితో సూటిగా నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. పక్కకు వంచి నొక్కితే అంచు నలిగిపోతుంది. రెండింటిలో ఒక వైరు ఊడి ఉంటే వైఫై పూర్తిగా పోదు గానీ, యాక్సెస్ పాయింట్ కిందే కూర్చుంటే తప్ప సిగ్నల్ నిలవదు. సర్వీస్ సెంటర్‌లో విప్పించిన తర్వాత వైఫై బలహీనపడిందంటే మొదట అనుమానించాల్సింది ఈ వైరునే.

సిగ్నల్‌ను గీతలతో కాదు, అంకెతో చూడండి

'నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్' (netsh wlan show interfaces) అని కొట్టండి. సిగ్నల్ శాతం, ఛానెల్, రేడియో రకం, కనెక్ట్ అయిన యాక్సెస్ పాయింట్ అడ్రస్ అన్నీ వస్తాయి. విండోస్ లెక్కలో 100 శాతం అంటే మైనస్ 50 డీబీఎం, 50 శాతం అంటే మైనస్ 75. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. వీడియో క్లాసు ఆగకుండా సాగాలంటే మైనస్ 67కు తగ్గకూడదు, అంటే ఇక్కడ కనీసం 66 శాతం ఉండాలి. 50 శాతం దగ్గర మెయిల్ తెరుచుకుంటుంది గానీ మాట తెగిపోతుంటుంది. మ్యాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఆర్ఎస్ఎస్ఐ పేరుతో ఈ డీబీఎం అంకె కనిపిస్తుంది.

హాస్టల్ గదుల్లో సిగ్నల్‌ను మింగేవి ఇటుక గోడలు, ఇనుప బీరువాలు. చాలా ల్యాప్‌టాప్‌లలో యాంటెనాలు స్క్రీన్ చుట్టూ ఉంటాయి. స్క్రీన్ వెనకే బీరువా ఉంటే టేబుల్‌ను రెండడుగులు జరిపినా శాతం మారుతుంది. జరిపి కమాండ్ మళ్లీ కొట్టి చూడండి.

5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. 2.4 దూరం వెళ్తుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. వింగులో ఇరవై మంది హాట్‌స్పాట్లు పెడితే ఆ మూడూ కిక్కిరిసిపోతాయి. కాబట్టి యాక్సెస్ పాయింట్ ఉన్న వరండా పక్క గదుల్లో 5 గిగాహెర్ట్జ్ పట్టుకోండి, చివరి గదుల్లో 2.4 మేలు కావచ్చు. డివైస్ మేనేజర్‌లో వైర్‌లెస్ కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటుంది, అక్కడ మార్చుకోవచ్చు. 2.4 మీద ఉన్నప్పుడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పెట్టగానే నెట్ మందగిస్తే అది భ్రమ కాదు. యూఎస్‌బీ 3 పోర్టు, కేబుల్ అదే ఫ్రీక్వెన్సీలో గోల చేస్తాయి. డిస్కును రెండోవైపు పోర్టుకు మార్చండి, లేదా 5కు మారండి.

క్లాసు నుంచి లైబ్రరీకి వచ్చాక సిగ్నల్ గీతలు తగ్గిపోయి అలాగే ఉంటే ల్యాప్‌టాప్ ఇంకా పాత యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడుతోందన్నమాట. వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఇంటెల్ కార్డు అయితే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ను మీడియం నుంచి ఒక మెట్టు పెంచండి. అన్నిటికంటే పైమెట్టు పెట్టకండి, కూర్చున్నచోటే అటూ ఇటూ దూకడం మొదలుపెడుతుంది.

పేరు కనిపిస్తుంది, లోపలికి రానివ్వదు

క్యాంపస్ వైఫై ప్రధానంగా రెండు రకాలు. కనెక్ట్ నొక్కగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడిగేది ఎంటర్‌ప్రైజ్ రకం. ముందు కనెక్ట్ అయి, ఆ తర్వాత బ్రౌజర్‌లో లాగిన్ పేజీ చూపించేది పోర్టల్ రకం. ఈ భాగం మొదటి రకానికి.

ఎంటర్‌ప్రైజ్ రకంలో అందరికీ తెలిసిన పేరు ఎడ్యురోమ్, అంటే సొంత సంస్థ ఐడీతోనే వేరే సంస్థల్లోనూ వైఫై వాడుకునే ఏర్పాటు. 2002లో యూరప్‌లో మొదలైన ఆలోచన ఇప్పుడు 100కు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. దీనిలో యూజర్‌నేమ్ అంటే ఉత్త రోల్ నంబరు కాదు. రోల్ నంబరు, దాని తర్వాత ఎట్ గుర్తు, ఆ తర్వాత మీ సంస్థ డొమైన్, మొత్తం కొట్టాలి. సొంత క్యాంపస్‌లో ఉన్నా సరే. ఎట్ తర్వాతి భాగం చూసే ఏ సంస్థ సర్వర్‌ను అడగాలో నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. మెయిల్ డొమైన్, ఎడ్యురోమ్ డొమైన్ ఒకటి కాకపోవచ్చు, హెల్ప్‌డెస్క్ పేజీలో ఏముందో అదే రాయండి. కాపీ చేసి పేస్ట్ చేస్తే చివర ఖాళీ వచ్చి చేరుతుంది, అదొక్కటే చాలు లాగిన్ పోవడానికి.

యూజర్‌నేమ్ సరిగ్గానే ఉంటే పాస్‌వర్డ్‌ను విడిగా పరీక్షించండి. మొబైల్ డేటా మీద, అదే ఐడీతో స్టూడెంట్ పోర్టల్‌లోకో మెయిల్‌లోకో లాగిన్ అయి చూడండి. అక్కడా రాకపోతే ఇది వైఫై సమస్యే కాదు, పాస్‌వర్డ్ రీసెట్ చేయించుకోవాలి.

పాస్‌వర్డ్ మార్చిన రోజునే వైఫై ఆగిందా? అయితే ల్యాప్‌టాప్ పాత పాస్‌వర్డ్‌నే పంపుతోంది. దీన్ని మించిన చిక్కు ఇంకొకటుంది. జేబులో ఉన్న ఫోన్ కూడా పాత పాస్‌వర్డ్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటుంది. కొన్ని తప్పులయ్యాక సర్వర్ అకౌంట్‌ను లాక్ చేస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పే అంటుంది. కాసేపటికి లాక్ వీడుతుంది, ఫోన్ మళ్లీ లాక్ చేయిస్తుంది. దీన్నుంచి బయటపడాలంటే వరస తప్పకుండా చేయాలి:

1. ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్, అన్నింటిలో వైఫై ఆఫ్ చేయండి.
2. లాక్ వీడేదాకా ఆగండి, లేదా హెల్ప్‌డెస్క్‌తో తీయించండి.
3. ప్రతి పరికరంలోనూ ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేయండి. విండోస్ 11లో ఇది సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ దగ్గర ఉంటుంది.
4. ముందు ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే కొత్త పాస్‌వర్డ్‌తో కలపండి. అది నిలిచాకే ఫోన్.

ఇక సర్టిఫికెట్ సంగతి. దీన్ని ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు, తీసుకోకూడదు. మీరు పాస్‌వర్డ్ పంపేముందు సర్వర్ తన గుర్తింపు చూపిస్తుంది, అదే సర్టిఫికెట్. యాక్సెస్ పాయింట్‌కు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మీ యూనివర్సిటీ వైఫై పేరుతోనే ఎవరైనా బస్టాండులో ఒకటి పెట్టి కూర్చోవచ్చు. సర్టిఫికెట్ చూడకుండా కలిసే ల్యాప్‌టాప్ దానికీ మీ లాగిన్ వివరాలు అందిస్తుంది. అదే పాస్‌వర్డ్‌తో మీ మెయిల్, మార్కులు, ఫీజు పేజీ తెరుచుకుంటాయి. కాబట్టి సర్టిఫికెట్ తనిఖీ టిక్ తీసేస్తే కనెక్ట్ అవుతుందని ఎవరు చెప్పినా తీయకండి.

సరైన దారి ఈ సెట్టింగులన్నీ తనే పెట్టే ఇన్‌స్టాలర్. మీ సంస్థ ఎడ్యురోమ్ క్యాట్‌లో నమోదై ఉంటే క్యాట్ డాట్ ఎడ్యురోమ్ డాట్ ఆర్గ్‌లో సంస్థ పేరు ఎంచుకుని ఇన్‌స్టాలర్ దించుకోండి. గెట్‌ఎడ్యురోమ్ యాప్ కూడా ఇదే పని చేస్తుంది. ముందు పాత ప్రొఫైల్ ఫర్గెట్ చేసి, తర్వాత ఇది నడపాలి.

ఇన్‌స్టాలర్ లేని చోట విండోస్‌లో చేత్తో ఇలా పెట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, కొత్త కనెక్షన్, మాన్యువల్లీ కనెక్ట్ టు ఏ వైర్‌లెస్ నెట్‌వర్క్ ఎంచుకోండి. పేరు అక్షరం పొల్లుపోకుండా రాసి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ పెట్టండి. చివర 'ఛేంజ్ కనెక్షన్ సెట్టింగ్స్' నొక్కి సెక్యూరిటీ ట్యాబ్‌లోకి వెళ్లండి. లాగిన్ పద్ధతి పీఈఏపీ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సరిచూసే రకం) అయితే పక్కనున్న సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు, రూట్ సర్టిఫికెట్ హెల్ప్‌డెస్క్ చెప్పినవి పెట్టండి. అక్కడే కింద కాన్ఫిగర్ నొక్కితే 'నా విండోస్ లాగిన్ పేరు, పాస్‌వర్డ్ వాడు' అనే టిక్ ఉంటుంది. అది తీసేయాలి, లేకపోతే రోల్ నంబరు బదులు మీ ల్యాప్‌టాప్ యూజర్ పేరు సర్వర్‌కు వెళ్తుంది. వెనక్కి వచ్చి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ మోడ్‌ను 'యూజర్ అథెంటికేషన్'గా పెట్టి సేవ్ చేయండి.

తేదీ తప్పుగా ఉన్నా సర్టిఫికెట్ చెల్లదు. గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతే ల్యాప్‌టాప్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. షట్ డౌన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే పాత ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీదుండే నాణెం బ్యాటరీ, చాలావాటిలో సీఆర్2032, అయిపోయినట్టు.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన వెంటనే ఆగితే ఆ అప్‌గ్రేడే కారణం కావచ్చు. విండోస్ 11 22హెచ్2 నుంచి ఈ లాగిన్‌కు టీఎల్ఎస్ (లాగిన్ వివరాలను గుట్టుగా పంపే పద్ధతి) 1.3 వాడుతోంది, ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 పాత టీఎల్ఎస్ పద్ధతులను ఒప్పుకోదు. పాత రేడియస్ సర్వర్లు రెండింటితోనూ తడబడ్డాయి. ల్యాప్‌టాప్ భద్రత తగ్గించే చిట్కాలు దొరుకుతాయి గానీ అసలు మరమ్మతు సర్వర్ దగ్గర జరగాలి. వెర్షన్ నంబరుతో సహా హెల్ప్‌డెస్క్‌కు చెప్పండి.

కొన్ని క్యాంపస్‌లు ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకుండే గుర్తింపు నంబరు) నమోదు చేసుకుంటాయి, ఒక ఐడీకి ఇన్ని పరికరాలే అని పరిమితి పెడతాయి. ఇక్కడ రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆన్‌లో ఉంటే నమోదు చేసిన అడ్రస్ బదులు వేరేది వెళ్లి ల్యాప్‌టాప్ కొత్త పరికరంలా కనిపిస్తుంది, ఆ అడ్రస్ మారుతుండేలా పెట్టి ఉంటే పరిమితి కూడా నిండిపోతుంది. విండోస్‌లో వైఫై సెట్టింగులలో ఆ నెట్‌వర్క్‌కు దాన్ని ఆఫ్ చేయండి. మ్యాక్ ఓఎస్ సీక్వోయా నుంచి నెట్‌వర్క్ డీటెయిల్స్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ అని ఉంటుంది. రొటేటింగ్ తీసి, నమోదు చేసిన అడ్రస్‌ను బట్టి ఫిక్స్‌డ్ గానీ ఆఫ్ గానీ పెట్టండి.

విదేశాలకు చదువుకు వెళ్లేవాళ్లకు ఒక మాట. అమెరికాలోని కొన్ని యూనివర్సిటీలు పాస్‌వర్డ్ బదులు ల్యాప్‌టాప్‌లో మీ పేరిట సర్టిఫికెట్ వేయిస్తాయి. దానికి గడువు ఉంటుంది. అన్నీ బాగానే ఉండి ఒకరోజు ఉన్నట్టుండి ఆగితే ఆ గడువే కారణం కావచ్చు, వాళ్ల ఇన్‌స్టాలర్ మళ్లీ నడపాలి. ఇక ఇక్కడి ఐడీతో వేరే ఊళ్లో ఎడ్యురోమ్ వాడబోతుంటే బయల్దేరేముందు సొంత క్యాంపస్‌లోనే ఒకసారి కలిపి చూసుకోండి. ఎక్కడున్నా పాస్‌వర్డ్ సరిచూసేది మీ సొంత సంస్థ సర్వరే, కాబట్టి అక్కడ లాగిన్ కాకపోతే ముందు అడగాల్సింది కూడా మీ సొంత హెల్ప్‌డెస్క్‌నే.

కనెక్ట్ అయింది, కానీ నెట్ లేదు

'ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్' (ipconfig /all) కొట్టి వైర్‌లెస్ కార్డు కింద ఐపీవీ4 అడ్రస్ చూడండి. ఆ అంకే చాలా చెబుతుంది.

169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదు, ల్యాప్‌టాప్ తనే ఒక అడ్రస్ పెట్టుకుంది. 'ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్' (ipconfig /release), ఆ తర్వాత 'ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ' (ipconfig /renew) కొట్టండి. సెమినార్ హాల్లో వందలమంది ఒకేసారి చేరితే ఇవ్వడానికి అడ్రసులే మిగలకపోవచ్చు, అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

పక్కవాళ్లకు 10తో మొదలయ్యే అడ్రస్ ఉండి మీకు 192.168.0 లేదా 192.168.1తో వచ్చిందనుకోండి, దాదాపుగా వింగులో ఎవరో సొంత రూటర్ పెట్టారు. గది గోడలోని ల్యాన్ వైరును రూటర్‌లో బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చితే, ఆ రూటర్ చుట్టుపక్కల అందరికీ తనే అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. వైఫై కూడా అదే విభాగంలో ఉంటే మీకూ అదే అందుతుంది. అసలు సర్వర్ కంటే అది ముందు జవాబిచ్చిన ప్రతిసారీ ఒకరికి నెట్ పోతుంది. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం, కాసేపు వచ్చి పోవడం దీని లక్షణాలు. 'ఏఆర్‌పీ' తర్వాత ఖాళీ, గీత, 'ఏ' (arp -a) కొట్టి, డీఫాల్ట్ గేట్‌వే (ల్యాప్‌టాప్‌కు బయటి నెట్‌కు దారి ఇచ్చే పరికరం, ఐపీకాన్ఫిగ్‌లో కనిపిస్తుంది) అడ్రస్ ఎదురుగా ఉన్న ఫిజికల్ అడ్రస్‌ను రాసుకుని హెల్ప్‌డెస్క్‌కు ఇవ్వండి. ఆ నంబరుతో వాళ్లు ఏ గదిలోని వైరో స్విచ్ దగ్గర కూర్చుని కనుక్కోగలరు.

అడ్రస్ సరిగ్గానే ఉంటే ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయిన పాత సెట్టింగులు వెతకండి. ఐపీ, డీఎన్ఎస్ రెండూ 'ఆటోమేటిక్'లో ఉండాలి. ఎప్పుడో గూగుల్ డీఎన్ఎస్ అయిన 8.8.8.8 పెట్టుకుని మరిచిపోతారు. బయటి డీఎన్ఎస్‌ను ఆపే క్యాంపస్‌లో దానితో ఏ సైటూ తెరుచుకోదు. ప్రాక్సీ, అంటే నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్, కూడా అంతే: ల్యాబులో పెట్టుకున్న ప్రాక్సీ సెలవులకు ఇంటికెళ్లాక నెట్‌ను ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పేజీ తెరిచి, మీ క్యాంపస్ అడగకపోతే మాన్యువల్ ప్రాక్సీ ఆఫ్ చేయండి.

పోర్టల్ రకం వైఫైలో లాగిన్ పేజీ రాకపోవడం రోజూ వినే ఫిర్యాదు. ఫైర్‌వాల్ మిమ్మల్ని లాగిన్ పేజీకి మళ్లించాలంటే మీరు తెరిచే సైట్ గుప్తీకరణ లేని సాదా హెచ్‌టీటీపీది కావాలి. హెచ్‌టీటీపీఎస్ సైట్‌ను మధ్యలో మళ్లిస్తే బ్రౌజర్ మోసమని పట్టేస్తుంది, అందుకే సర్టిఫికెట్ హెచ్చరికో తెల్ల పేజీయో వస్తుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లకండి. నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ తెరవండి, అది ఇందుకే ఉన్న సాదా సైట్. అప్పటికీ రాకపోతే వీపీఎన్ ఆపండి, బ్రౌజర్ సెట్టింగులలో సెక్యూర్ డీఎన్ఎస్ ఆఫ్ చేయండి. పేజీ వచ్చాక దాని అడ్రస్‌ను బుక్‌మార్క్ చేసుకుంటే తర్వాత ఈ వెతుకులాట ఉండదు. 'లాగిన్ పరిమితి దాటింది' అంటే పాత ఫోన్‌లోనో ల్యాబ్ సిస్టమ్‌లోనో మీ సెషన్ ఇంకా తెరిచి ఉంది, అక్కడ లాగవుట్ కావాలి.

వస్తుంది, కానీ నత్తనడక

గేట్‌వే అడ్రస్‌కు పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి: 'పింగ్', ఖాళీ, గేట్‌వే నంబరు. జవాబులు నిలకడగా 10 మిల్లీసెకన్లలోపు వస్తుంటే మీ వైఫై బాగుంది, రద్దీ క్యాంపస్ బయటి లింకులోనో ఫైర్‌వాల్‌లోనో ఉంది. గేట్‌వేకే వందల మిల్లీసెకన్లు పడుతున్నా, మధ్యలో జవాబులు రాకపోతున్నా లోపం గాలిలోనే, పైన చెప్పిన సిగ్నల్ పనులు చేయండి. కొన్ని క్యాంపస్‌లలో గేట్‌వే పింగ్‌కు జవాబివ్వకుండా పెడతారు, అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు. చార్జర్ తీయగానే నెమ్మదిస్తే పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌ను మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. కొత్త మోడళ్లలో ఈ వరస ఉండకపోవచ్చు. గదిలో ల్యాన్ పోర్టు ఉంటే ఆన్‌లైన్ పరీక్షల రోజు వైరే పెట్టుకోండి.

ఏదీ కుదరకపోతే

నెట్‌వర్క్ రీసెట్ చివరిగా మాత్రమే చేయండి. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. నొక్కిన 5 నిమిషాలకు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, కాబట్టి చేస్తున్న పని ముందే సేవ్ చేసుకోండి. వీపీఎన్, పాత వైఫై పాస్‌వర్డులు మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

హెల్ప్‌డెస్క్‌కు 'వైఫై పనిచేయట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే నాలుగు రోజులు ప్రశ్నలూ జవాబులతోనే పోతాయి. ఇలా రాయండి: 'ఫలానా హాస్టల్, రెండో అంతస్తు, గది నంబరు ఇది. నిన్న రాత్రి 9.40కి, ఈ పేరున్న వైఫైకి కనెక్ట్ కాలేదు. వచ్చిన మెసేజ్ ఇది. ల్యాప్‌టాప్ మోడల్, విండోస్ వెర్షన్, వైఫై మ్యాక్ అడ్రస్ ఇవి. అదే ఐడీతో ఫోన్‌కు వస్తోంది. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అవుతోంది. ఫర్గెట్ చేసి మళ్లీ కలిపి చూశాను.' సమయం నిమిషంతో సహా రాయడం ముఖ్యం, సర్వర్ రికార్డులో (లాగ్‌లో) మీ వరసను వాళ్లు వెతికేది దానితోనే. మెసేజ్‌ను మీ మాటల్లో రాయకుండా ఫొటో తీసి పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం రాయొద్దు, అడిగినా ఇవ్వొద్దు, అది లేకుండానే వాళ్లు అన్నీ చూడగలరు.

దీనికి ఒక ఫైలు జత చేయగలిగితే ఇంకా మంచిది. 'నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్' (netsh wlan show wlanreport) అని కొడితే గత 3 రోజుల్లో మీ ల్యాప్‌టాప్ ఎప్పుడు కనెక్ట్ అయింది, ఎప్పుడు ఎందుకు తెగింది అన్నదంతా ఒక రిపోర్టుగా తయారవుతుంది. ఆ ఫైలు ఎక్కడ సేవ్ అయిందో కమాండ్ కిందే చూపిస్తుంది. పంపేముందు ఒకసారి తెరిచి చూడండి: అందులో మీ యూజర్ పేరు, మీరు వాడిన ఇతర వైఫైల పేర్లు కూడా ఉంటాయి. కాబట్టి హెల్ప్‌డెస్క్‌కు తప్ప గ్రూపుల్లో పెట్టకండి.